బోర్డు లేని అంగడిలో పాత రాలీ సైకిలు కట్టించుకున్నా

ముందే చెప్పేస్తున్నా, తళతళ మెరిసే సైకిలు కావాలనుకునేవాళ్ళు ఈ అంగడికి పోకండి. పెయింటు పని ఈ అంగడాయనకు రాదు, చెప్పిన టైముకు ఇవ్వడం అంతకన్నా రాదు. పాత ఇనుము కొట్లలో ఏరుకొచ్చిన సామాన్లతో రోజూ తొక్కుకునే సైకిలు కట్టించుకోవాలంటే మాత్రం తిరుపతిలో ఎవరడిగినా ఇక్కడికే పంపుతాను. కొర్లగుంట వైపు, చూడ్డానికి మామూలు పంచర్ల అంగడి, వేలాడే పాత టైర్లే గుర్తు. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు.

నా దగ్గరున్నది చిత్తూరులో తూకానికి కొన్న రాలీ ఫ్రేము, ఫోర్కు. ముందు బ్యాడ్జి మీద నాటింగ్‌హామ్ అని ఉంది కాబట్టి అసన్‌సోల్‌లో సేన్-రాలీ (మన దేశంలో రాలీలు చేసిన కంపెనీ) వాళ్ళు చేసింది కాదు, ఇంగ్లండు సరుకే. మొదట టౌన్లో ఒక పెద్ద షాపులో చూపిస్తే బీబీ కప్పు (పెడళ్ళ ఇరుసును పట్టుకునే మరకప్పు) ఎక్కడం లేదు, ట్యాప్ వేసి కొత్తగా థ్రెడ్ కొట్టేద్దాం అన్నారు. భాయ్ అదే కప్పును చేత్తో తిప్పాడు, చుట్టున్నర పోయి బిగుసుకుంది. "రాలీ సామీ ఇది, థ్రెడ్డు సన్నం, బలవంతం చేస్తే ఫ్రేమే పోతుంది" అని వెంటనే వెనక్కి తీసేశాడు. మామూలు బ్రిటిష్ సైకిళ్ళకు అక్కడ అంగుళానికి 24 చుట్లుంటే రాలీ మాత్రం తన సొంతానికి 26 పెట్టుకుంది, హ్యాండిల్ కింద కప్పులకూ అదే కథ. అందుకే కొత్త కప్పులు పనికిరావు, పాతవే వెతకాలి. తుప్పు డబ్బా కింద గుమ్మరించి ఒక జత తీశాడు, అది కూడా గోళీలు తిరిగే చోట గుంటలు పడ్డాయేమోనని గోరుతో గీరి చూసుకుని మరీ.

వెనక హబ్బు స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్లది. పైన ఏడబ్ల్యూ అని మోడల్ పేరు, పక్కన 58 అని కొట్టి ఉంది, అంటే 1958లో తయారైంది. నేను గ్రీజు పెట్టమంటే నవ్వాడు, లోపలంతా చిన్న చిన్న పళ్ళు, గ్రీజు పెడితే పట్టేస్తుందట. కిరసనాయిలుతో కడిగి, పక్కనున్న చిన్న మూత తెరిచి పల్చటి మిషన్ నూనె పోశాడు. ఈ హబ్బులో రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య గేరు వైరు తేడాగా ఉంటే పెడల్ ఖాళీగా తిరిగేసి కాలు జారుతుంది, లేచి నిలబడి తొక్కేటప్పుడు అయితే మన పళ్ళు రాలాల్సిందే. ఆ వైరు చివర హబ్బులోకి పోయే చిన్న గొలుసును సరిచేయడానికే చాలాసేపు కూర్చున్నాడు, ఇప్పటిదాకా ఒక్కసారి జారలేదు.

చక్రాల గురించి దిగులు పడక్కర్లేదు. మన పాలవాళ్ళ సైకిళ్ళకు వేసే 28 ఒకటిన్నర టైరే దీనికీ, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. వెనక 40 స్పోకులు, ముందు 32, మన రిమ్ములూ అంతే కాబట్టి హబ్బు అలాగే ఉంచి కొత్త రిమ్ములు కట్టేశాడు. బెండు తీయడంలో ఈయన్ని మించినవాళ్ళు లేరు.

ఇక తిట్లు. సంక్రాంతికి ఇస్తానన్నది ఉగాది దాటాక ఇచ్చాడు. ఫోను ఎత్తడు. కుడివైపు కాటర్ పిన్ను (పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే చీల) మెత్తది వేశాడు, తొక్కినప్పుడల్లా టక్ టక్ మనేది, వెళ్ళి అడిగితే మారుమాట లేకుండా మార్చాడు, డబ్బులు తీసుకోలేదు, కానీ మొదటే గట్టిది వేసి ఉండొచ్చు కదా. రాడ్ బ్రేకులు (వైరు బదులు ఇనుప కడ్డీలతో లాగేవి) తడిస్తే పట్టవు, అది ఆయన తప్పు కాదు, ఇనుప రిమ్ము గుణం. వానాకాలంలో అలిపిరి నుంచి దిగేటప్పుడు జాగ్రత్త.

ఫ్రేముతో కలిపి మొత్తం తొమ్మిది వేల చిల్లర అయింది, అందులో కూలి రెండున్నర వేలు. పాత నల్ల రంగు అలాగే ఉంచమన్నది ఆయనే, నేను పెయింటర్ దగ్గరికి తీసుకుపోతానంటే వద్దన్నాడు.

వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, అడ్వాన్సు సగం కంటే ఎక్కువ ఇవ్వకండి. మీ సైకిలు విప్పినప్పుడు వచ్చిన పాత నట్లు, బోల్టులు కూడా సంచిలో వేసుకుని పోండి, రాలీవి బయట కొందామన్నా దొరకడం కష్టం.