మాటల అర్థమా, మాటల అల్లికా: సైకోసిస్ పరిశోధనలో రెండు దారులు

సైకోసిస్‌లో, అంటే వాస్తవంతో పట్టు తప్పే మానసిక స్థితిలో, ఆలోచన చెదిరితే ఆ చెదురు మాటలో తెలుస్తుంది. దాన్ని కంప్యూటర్‌తో కొలిచే పద్ధతుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది అర్థాన్ని పట్టుకుంటుంది. మాటలను అంకెల వరుసలుగా మార్చి, ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి అర్థం ఎంత దూరం జరిగిందో లెక్కిస్తారు. "అన్నం వండాను. కూర మాడింది" అంటే దూరం తక్కువ. "అన్నం వండాను. పక్కింటి గేటు నా పేరు లెక్కపెడుతోంది" అంటే ఒక్కసారిగా పెరుగుతుంది. 2015లో అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ పరిశోధకులు దీనికి వాక్య నిర్మాణ లక్షణాలు కూడా జోడించి, ముప్పు ఉన్న 34 మంది యువతలో తర్వాత సైకోసిస్ వచ్చిన 5 మందినీ సరిగ్గా గుర్తించారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ 5 మంది చాలా చిన్న సంఖ్య.

రెండోది బ్రెజిల్‌లోని నాటాల్ నగర పరిశోధకుల మాటల గ్రాఫ్. ఒక్కో మాట ఒక చుక్క, తర్వాతి మాటకు ఒక బాణం; అదే మాట మళ్లీ వస్తే బాణం పాత చుక్కకే తిరిగొస్తుంది. ముగ్గు చుక్కలు కలిపినట్టే. సైకోసిస్ కనిపించే జబ్బుల్లో ఒకటైన స్కిజోఫ్రెనియాలో ఈ అల్లిక పలచబడుతుంది. మెలకువలో జరిగిన సంగతుల కంటే కల చెప్పమన్నప్పుడే ఆ తేడా బాగా బయటపడిందని 2014లో చూపించారు. నన్ను బాగా కదిలించిన ఫలితం ఇది.

తెలుగుకైతే నా మొగ్గు గ్రాఫ్ వైపే. మొదటి పద్ధతికి ముందుగా కుప్పలకొద్దీ తెలుగు పాఠ్యం కావాలి; గ్రాఫ్‌కు మనిషి చెప్పిన మాటలు చాలు. కాకపోతే "ఇల్లు, ఇంటికి, ఇంట్లో" మూడు వేరు చుక్కలవుతాయి. వాటిని మూలపదానికి తేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మాట కూడా పలచగా కనబడి, లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది.