మిస్ వరల్డా, మిస్ యూనివర్సా?

విజయవాడలో డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురి ప్రశ్న: "పెద్దమ్మా, దేనికి సిద్ధమవ్వాలి?"

పుట్టుక: వరల్డ్ 1951లో లండన్‌లో ఎరిక్ మోర్లీ పెట్టిన ఈత దుస్తుల పోటీ. యూనివర్స్ కథ ఇంకా తమాషా. మిస్ అమెరికా యోలాండ్ బెట్‌బీజ్ ఈత దుస్తుల్లో ఫొటోలు దిగనంది. ఆ దుస్తుల కంపెనీ అలిగి 1952లో లాంగ్‌బీచ్‌లో సొంత పోటీ పెట్టుకుంది.

ఖర్చు: గౌన్లు, శిక్షణ, ప్రయాణాలు. రెండింటికీ జేబు ఖాళీయే.

శ్రమ: వరల్డ్‌కు సేవా ప్రాజెక్టు ముఖ్యం. బుడమేరు వరదల్లో సింగ్‌నగర్‌లో అన్నం పొట్లాలు పంచిన పిల్లకు అది కొత్త కాదు.

ఇబ్బంది: ఈత దుస్తుల ప్రదర్శనను వరల్డ్ వేదికపై మానేశారు, యూనివర్స్‌లో ఉంది. మా అమ్మకు ఎవరు నచ్చజెబుతారు?

వయసు: యూనివర్స్ పెళ్లైనవారికీ తలుపు తీసింది, 2024 నుంచి గరిష్ఠ వయసు పరిమితీ లేదు.

మన వాటా: వరల్డ్‌లో 1966లో రీటా ఫారియాతో మొదలై ఆరు కిరీటాలు, యూనివర్స్‌లో మూడు.

పెళ్లికి ముందే, సేవ మీద మనసుంటే వరల్డ్. చదువు, ఉద్యోగం అయ్యాక తీరిగ్గా అంటే యూనివర్స్. మా పిల్లకు ముందు సెమిస్టర్ పరీక్షలు.