బైపాస్ తర్వాత నిద్ర కోసం ఆన్‌లైన్ థెరపీ: ఏడాది పైగా వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను: పనిచేసింది. కాకపోతే మొదట్లో కొన్ని వారాలు డబ్బులిచ్చి మరీ ఉన్న నిద్ర కూడా చెడగొట్టుకుంటున్నానా అనిపించింది. ఆ దశలోనే చాలామంది మానేస్తారట. గుండె జబ్బు ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది రాజమండ్రి. బైపాస్ అయి ఇంటికొచ్చాక పదకొండింటికి పట్టిన నిద్ర రెండింటికల్లా ఎగిరిపోయేది. ఆల్‌ప్రజోలం వేసుకుంటే పడుకునేవాణ్ణి, మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తు వదిలేది కాదు. మాత్ర ఎన్నాళ్ళు వాడతారంటూ మా కార్డియాలజిస్టే సీబీటీ-ఐ సంగతి చెప్పారు. మందులతో కాకుండా నిద్ర అలవాట్లు, నిద్ర గురించిన ఆలోచనలు మార్చి నిద్రలేమిని తగ్గించే థెరపీ అది. నిద్రలేమికి మందుల కంటే ముందు ఇదే మొదలుపెట్టమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పిందట. నేను తీసుకున్నవి రెండు: ఇంగ్లీషులో నడిచే ఒక యాప్, హైదరాబాద్‌లో ఉండే సైకాలజిస్ట్‌తో వీడియో కాల్‌లో తెలుగు సెషన్లు.

ఇందులో అసలు మందు పడక మీద ఉండే టైమ్ తగ్గించడం. నేను పదింటికి పక్క ఎక్కి ఏడింటికి దిగేవాణ్ణి. డైరీ రాసి చూస్తే అందులో నిద్ర ఐదున్నర గంటలే, అంటే అరవై శాతం చిల్లర. దాన్ని ఎనభై అయిదుకు తేవాలి. యాప్ లెక్క పడక మీద ఐదున్నర గంటలే ఇచ్చింది. సైకాలజిస్ట్ అమ్మాయి మాత్రం "సార్, మీకు సర్జరీ అయింది, మరీ బిగించొద్దు" అని ఆరు గంటలిచ్చింది. రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున్న ఐదున్నర. వారమంతా శాతం నిలబడితే పావుగంట పెంచడం, లేకపోతే అక్కడే ఉంచడం. పదిన్నరకే తల వాలిపోతుంటే హాల్లో కుర్చీలో కూర్చుని పాత ఆదివారం అనుబంధాలు తిరగేసేవాణ్ణి. "నిద్ర రావట్లేదని వైద్యం, ఇప్పుడొస్తుంటే పడుకోవద్దనా? ఇదేం వైద్యమండీ!" అని మా ఆవిడ. ఆవిడ తప్పేం లేదు, బయటివాళ్ళకి అలాగే కనిపిస్తుంది.

నా విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె చప్పుడు చెవిలోకి వినిపించేది. వినడం మొదలైందా, ఇక అంతే. మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకోవడం, చేతి వాచీలో అంకె చూడటం, లేచి బీపీ మిషన్ కట్టుకోవడం. రెండింటప్పుడు ఆ కంగారులో బీపీ ఎక్కువే చూపిస్తుంది, దాంతో ఉన్న కాస్త నిద్రా పోయేది. దీని గురించి యాప్ ఒక్క ప్రశ్న అడగలేదు. "ఈ ఆలోచన మీకు ఉపయోగపడుతోందా?" అని మాత్రం అడిగేది. ఛాతీ కోసి కుట్టినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది?

సైకాలజిస్ట్ చేసిన పని నాకు నచ్చింది. భయపడొద్దని ఉత్త మాట చెప్పకుండా, ఏ లక్షణాలకి నిజంగా కంగారు పడాలో కార్డియాలజిస్ట్ చేత రాయించుకు రమ్మంది. ఛాతీ బిగపట్టడం, నొప్పి చేతికో దవడకో పాకడం, చెమటలు, పడుకుంటే ఊపిరాడకపోవడం. ఇవి ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్. ఆ కాగితం బీరువా తలుపుకి అంటించాం. వాచీ రాత్రి తీసేయాలి, బీపీ పొద్దున్న మాత్రమే చూసుకోవాలి. చప్పుడు వినిపించడం ఇప్పటికీ ఉంది, దాని వెంట పడటం తగ్గింది.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. నేను నీరు పోయే మాత్ర సాయంత్రం వేసుకునేవాణ్ణి, రాత్రంతా బాత్రూమ్‌కి తిరగడమే. డాక్టర్ దాన్ని పొద్దుటికి మార్చగానే సగం మెలకువలు పోయాయి, దానికి థెరపీ అక్కర్లేదు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లతో (గుండె వేగం, బీపీ తగ్గించే మందులు) కొందరికి నిద్ర చెదరడం, పీడకలలు రావడం ఉంటుంది. అలాగని సొంతంగా మానేస్తే గుండెకే ముప్పు. గురక ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకోవాలి, గుండె జబ్బు ఉన్నవాళ్ళలో అది ఎక్కువ. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో స్లీపియో అనే యాప్‌ని సిఫారసు చేస్తూ, వేరే జబ్బులున్నవాళ్ళని ముందు డాక్టర్ చూడాలని షరతు పెట్టింది. మన దగ్గర ఫోన్‌లో దించుకోవడమే తప్ప అడిగేవాళ్ళెవరు?

ఆల్‌ప్రజోలం ఒక్కసారిగా ఆపలేదు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాను. ఏడు ప్రశ్నల నిద్రలేమి స్కేలు ఒకటుంది, మొత్తం 28 మార్కులు, ఎంత తక్కువైతే అంత మంచిది. మొదట నాకు 19, ఇప్పుడు 9. పూర్తిగా పోలేదు. నాతో పనిచేసినాయన ఒకరు గుండెపోటుతో పోయినప్పుడు రెండింటి మెలకువ మళ్ళీ వచ్చింది. డైరీ తీసి, టైమ్ మళ్ళీ బిగిస్తే సర్దుకుంది.

యాప్ మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. తెలుగు లేదు. మే నెల ఎండలో మధ్యాహ్నం కునుకు తీయని మనిషి మన ఊళ్ళో ఉంటాడా? అది మాత్రం కునుకే వద్దంటుంది. సైకాలజిస్ట్ రెండింటిలోపు అరగంట ఒప్పుకుంది, దాని వల్ల నాకేం నష్టం కనిపించలేదు. చందా కూడా అడక్కుండా దానంతటదే రెన్యూ అయింది, డబ్బులు వెనక్కి రావడానికి మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సొచ్చింది.

కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం ఉన్నవాళ్ళు, ఆసుపత్రి నుంచి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు, డ్రైవింగ్ మీద బతికేవాళ్ళు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు. టైమ్ తగ్గించిన వారాల్లో పగలు కళ్ళు మూసుకుపోతాయి. నేనైతే ఆ రోజుల్లో స్కూటర్ తియ్యలేదు.

డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే మనిషికే పెట్టండి. నేను యాప్ చందా ఆపేశాను, డైరీ ఇప్పుడు రూళ్ళ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. సైకాలజిస్ట్‌తో మాత్రం రెండు మూడు నెలలకోసారి మాట్లాడుతున్నాను.