ఫార్ములా రోసా: ఆ 4.9 సెకన్ల కోసం వెళ్లొచ్చా?

అబుదాబి యాస్ ఐలాండ్‌లోని ఫెరారీ వరల్డ్ థీమ్ పార్కుకి చాలామంది ఫార్ములా రోసా అనే ఈ ఒక్క రోలర్ కోస్టర్ కోసమే వెళ్తారు. 2010 నవంబరులో పార్కుతో పాటే మొదలైంది. అప్పటిదాకా వేగం రికార్డు న్యూజెర్సీలోని కింగ్డా కాది, గంటకు 206 కిలోమీటర్లు. అక్కడి తెలుగు కుటుంబాల్లో దాన్ని ఎక్కినవాళ్లు చాలామందే ఉంటారు, 2025లో దాన్ని కూల్చేశారు. ఫార్ములా రోసా వేగం 240. ఇప్పుడు రికార్డు సౌదీలోని ఫాల్కన్స్ ఫ్లైట్‌కి వెళ్లింది. కాకపోతే అది కొండ అంచు నుంచి దూకి ఆ వేగం అందుకుంటుంది. ఇక్కడ చదునైన పట్టా మీద, ఆగి ఉన్న రైలు 4.9 సెకన్లలో 240కి చేరుతుంది. ఎక్కాల్సింది అందుకే.

ఆ లాగుడు హైడ్రాలిక్ వ్యవస్థ పని. పంపులు నూనెను అక్యుములేటర్లు అనే ఒత్తిడి ట్యాంకుల్లోకి తోస్తాయి, అక్కడ నైట్రోజన్ వాయువు అణిగి ఒత్తిడి నిలవుంటుంది. వాల్వులు తెరవగానే ఆ నూనె మోటార్లను తిప్పుతుంది, మోటార్లు డ్రమ్మును తిప్పితే ఉక్కు కేబుల్ దానికి చుట్టుకుంటుంది. కేబుల్‌కి కట్టిన క్యాచ్ కార్ రైలును అడుగున పట్టుకుని లాగి, చివర్లో వదిలేస్తుంది. లెక్క వేస్తే సగటున 1.4 జీ, అంటే భూమి లాగే బలానికి 1.4 రెట్లు. మొదటి క్షణం నుంచీ వీపు సీటుకి అతుక్కుపోతుంది, మధ్యలో ఎక్కడా పట్టు సడలదు.

ఇన్ని భాగాలుండటమే దీని ఇబ్బంది కూడా. కేబుల్ అరుగుతుంది, నూనె వేడెక్కుతుంది, ఒత్తిడి సరిపడా రాకపోతే లాంచ్ జరగనివ్వరు. పైగా పట్టా బయట, ఎడారి గాలిలో ఉంది. ఇసుక తుఫాను వస్తే రైడ్ మూసేస్తారు. కాబట్టి గేటు తెరవగానే ముందు దీని దగ్గరికే వెళ్లండి. ఆపి ఉంటే క్యూలో కూర్చోవద్దు. అదే పార్కులోని ఇంకో కోస్టర్ ఫ్లయింగ్ ఏసెస్ ఎక్కి మళ్లీ రండి.

గాగుల్స్ అందరికీ ఇస్తారు, అది అలంకారం కాదు. ఆ వేగంలో ఇసుక రేణువు, చిన్న పురుగు తగిలినా కంటికి దెబ్బ తగలొచ్చు. పట్టీని చెవుల మీంచి కాక తల వెనక దాకా లాగి బిగించండి, ముక్కు దగ్గర సందు లేకుండా చూసుకోండి. చున్నీ, గొలుసు, జుంకాలు, ఫోన్ అన్నీ లాకర్లో పెట్టేయాలి. జుట్టు ముడి వేసుకోవాలి, అయితే ముడి తల వెనక వద్దు, కిందికి వేయండి. లేకపోతే తల హెడ్‌రెస్ట్‌కి ఆనదు. రైలు కదలకముందే తల వెనక్కి ఆనించి ఉంచాలి. ముందుకి వంగి ఉన్నవాళ్ల మెడ ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటుంది, దిగాక నొప్పి అనేది వాళ్లే. మెడ, వెన్ను, గుండె సమస్యలున్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు. ఎత్తు కనీసం 140 సెంటీమీటర్లు ఉండాలి. పిల్లలకు ఆశ పెట్టకముందే కొలవండి.

రైలుకి 16 మంది. ముందు వరుస కోసం ఆగాల్సొచ్చినా ఆగండి. ఎదురుగా ఏమీ అడ్డం లేకపోతేనే వేగం తెలుస్తుంది. వెనక వరుసలో ఆ గాలి దెబ్బ తగ్గుతుంది, మిట్టలు దాటేటప్పుడు మాత్రం సీట్లోంచి లేచినట్టుండటం అక్కడే ఎక్కువ.

ఎత్తు 52 మీటర్లే. గంటకు 240 అంటే నిజానికి, రాపిడి లేకపోతే, 220 మీటర్ల పైకి ఎక్కించగల శక్తి. దాన్ని ఎత్తుకి కాక దూరానికి ఖర్చు పెట్టారు. పట్టా రెండు కిలోమీటర్లకు పైనే. తలకిందుల మలుపు ఒక్కటీ లేదు. మలుపుల ఆకారం ఇటలీలోని మోంజా కార్ రేస్ ట్రాక్‌ను చూసి తీసుకున్నది. మొదటి సగం అద్భుతంగా ఉంటుంది, చివరి మలుపుల్లో వేగం తగ్గి కాస్త చప్పబడుతుంది. తలకిందులయ్యే మలుపులు (ఇన్వర్షన్లు) ఇష్టమైనవాళ్లకు వెలితిగా అనిపించవచ్చు.

వేసవి మధ్యాహ్నం మొహానికి కొట్టేది వేడిగాలి. నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లగలిగితే మంచిది, వేసవిలోనే వెళ్లక తప్పకపోతే సాయంత్రం ఎక్కండి.