శాంసంగ్ ఎం31కి కాపీ కాంబో: రెండు వానాకాలాలు వాడాక

ఒడిశా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో గానీ, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో గానీ ఫోను కిందపడి డిస్‌ప్లే పోతే షాపులో ముందు చూపించేది కాపీ కాంబోనే (అద్దం, టచ్, డిస్‌ప్లే కలిసి ఒకే ముక్కగా వచ్చే, కంపెనీది కాని సరుకు). ఒరిజినల్ అమోలెడ్ కావాలంటే బరంపురం నుంచో శ్రీకాకుళం నుంచో తెప్పించాలి. ధర కూడా రెండు మూడు రెట్లు. ఎం31 మన దగ్గర 2020 ఫిబ్రవరిలో వచ్చింది: 6.4 అంగుళాల సూపర్ అమోలెడ్, 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, వేలిముద్ర వెనకవైపు. దానికి వేసిన ఇన్‌సెల్ రకం (టచ్ తెరలోనే కలిసి ఉండేది) ఎల్‌సీడీ కాంబో సంగతి ఇది. బిగింపుతో కలిపి రెండు వేల లోపే అయింది. ఆ డబ్బుకి కాంబో ఫరవాలేదు. ఏడిపించేదంతా బిగించిన తీరే.

పగటిపూట నీడలో చూస్తే కాపీ అని ఎవరూ పట్టుకోలేరు. రాత్రి లైటు ఆర్పి వీడియో పెడితే మాత్రం నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది, కింది అంచున వెలుతురు కారుతుంది. మిట్టమధ్యాహ్నం బస్టాండులో క్యూఆర్ స్కాన్ చేయాలంటే బ్రైట్‌నెస్ మొత్తం పెంచినా చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే. బ్యాటరీ కూడా తొందరగా దిగుతుంది. అమోలెడ్‌లో నల్లగా ఉన్న చోట చుక్కలు ఆరిపోయి ఉంటాయి. ఎల్‌సీడీలో బొమ్మ ఏదైనా వెనక లైటు తెరంతా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి డార్క్ మోడ్ పెడితే చార్జింగ్ మిగులుతుందన్న లెక్క ఇక మర్చిపోవచ్చు. వేలిముద్ర వెనకుంది కనక దీనికి ఇబ్బంది లేదు. తెర కిందే వేలిముద్ర ఉండే ఫోన్లకు మాత్రం ఇన్‌సెల్ వేయించొద్దు. ఆ సెన్సారుకి అమోలెడ్ గుండా వెలుతురు దూరాలి, ఎల్‌సీడీ వెనకుండే బ్యాక్‌లైట్ పొర దాన్ని పూర్తిగా మూసేస్తుంది.

మందం సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఎల్‌సీడీ, దాని బ్యాక్‌లైట్ కలిస్తే అమోలెడ్ కంటే లావు. అందుకే అద్దం ఫ్రేమ్ అంచు కంటే కాస్త పైకి లేచి ఉంటుంది, గోటితో రాస్తే తెలిసిపోతుంది. పాత కవరు గట్టు అంతవరకూ అద్దాన్ని కాపాడేది. ఇప్పుడు దానికీ అద్దానికీ ఎత్తు సమానమైపోతుంది, పైన టెంపర్డ్ గ్లాస్ వేస్తే ఇక గట్టు ఉన్నట్టే కాదు. ఈసారి బోర్లా పడితే నేలకు ముందు తగిలేది అద్దమే. కాంబో వేయించిన రోజే ఎత్తు గట్టున్న మందపాటి కవరు కొనేయాలి.

ఇక బిగింపు. ఫోను మూల మీద పడితే అద్దంతోపాటు ఫ్రేమ్ మూల కూడా లోపలికి నొక్కుకుంటుంది. ఆ నొక్కు లాగి, ఆకురాయితో సరిచేసి, పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే కొత్తది పెట్టాలి. తొందరలో ఉన్న షాపులో ఈ పనంతా ఎగిరిపోతుంది. అప్పుడు అద్దం ఆ ఒక్క చోట ఒత్తిడి మీద ఉండిపోతుంది, ప్యాంటు జేబులో పెట్టి కూర్చున్నా సన్నని గీత పుడుతుంది. షాపతను మీరే పడేశారంటాడు. గీత నొక్కున్న మూల నుంచే బయల్దేరితే ముందు ఫ్రేమ్‌నే అనుమానించండి. దెబ్బ తగిలితే ఆ తగిలిన చోట సాలెగూడులా చిట్లుతుంది.

జిగురు బి-7000 అయినా (రంగులేనిది), టి-7000 అయినా (నల్లది) పూర్తిగా గట్టిపడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. అరగంట రబ్బరు బ్యాండ్లు వేసి చేతికిచ్చేస్తే, వాటిని అలాగే ఉంచమని అడిగి ఆ రాత్రంతా కదపకుండా పెట్టండి. ఇది పాటించకపోతే కింది అంచు మెల్లగా లేస్తుంది, వానాకాలంలో ఆ సందులోంచే తేమ దిగి తెర మీద గీతలు, మరకలు వస్తాయి. బండి హ్యాండిల్‌కి తగిలించి ఎండలో తిరిగేవాళ్లకి జిగురు ఇంకా తొందరగా వదులుతుంది. కొన్ని నెలలు బాగానే ఉండి తర్వాత అంచు లేస్తే మాత్రం జిగురు పూసేయమనకండి. వెనక ప్యానెల్ తీయించి బ్యాటరీ చూడమనండి. పాత బ్యాటరీ ఉబ్బితే డిస్‌ప్లేని కింద నుంచి నెడుతుంది. దాని మీద మళ్లీ అతికించి నొక్కడం ప్రమాదం.

చార్జింగ్ పెట్టినప్పుడు టచ్ దానంతటదే తిరుగుతుందని చాలామంది కాంబోని తిడతారు. కాపీ టచ్‌కి కరెంటు రొదని వడకట్టే శక్తి తక్కువ, నిజమే. కానీ అది బయటపడేది చౌక చార్జరుతోనే. ఫోనుతో వచ్చిన చార్జరు పెడితే ఆగిపోయింది.

సిగ్నల్ మాట మన వైపు వాళ్లకి మరీ ముఖ్యం. ఇక్కడ ఒక వీధిలో ఆంధ్రా టవరు, పక్క వీధిలో ఒడిశా టవరు పట్టుకుంటుంది కాబట్టి, రిపేరు తర్వాత సిగ్నల్ గీతలు తగ్గినా టవరు మీదకే నెట్టేస్తారు. ఫోను విప్పినప్పుడు మెయిన్ బోర్డు నుంచి కింది చార్జింగ్ బోర్డుకి వెళ్లే సన్నని యాంటెన్నా వైరు క్లిప్పు ఊడి ఉంటుంది, లేదా సగమే కూర్చుని ఉంటుంది. అదే సిమ్ వేరే ఫోనులో వేసి అదే చోట నిలబడి చూడండి. అక్కడ గీతలు నిండుగా ఉంటే ఫోను మళ్లీ విప్పించాల్సిందే. వైరు నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. దీనికి డబ్బులివ్వక్కర్లేదు.

షాపులో ఉన్నప్పుడే, అతికించకముందే కాంబోని స్ట్రిప్పుతో (డిస్‌ప్లేని బోర్డుకి కలిపే సన్నని పట్టీతో) కలిపి పరీక్షించమనాలి. శాంసంగ్‌లో *#0*# డయల్ చేస్తే పరీక్షల పేజీ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ నింపి మచ్చలు చూడాలి, టచ్ పరీక్షలో గడులన్నీ వేలితో రుద్ది నింపాలి. ఒక్క గడి మిగిలినా ఆ కాంబో వద్దు. ఎవరికైనా కాల్ చేసి చెవి దగ్గర పెట్టినప్పుడు తెర ఆరుతోందా, తీయగానే వెలుగుతోందా చూడాలి. ఇవన్నీ అయ్యేదాకా పైనున్న ప్లాస్టిక్ పొర పీకనివ్వకండి, అది తీశాక ఎవరూ వాపసు తీసుకోరు. కాపీ సరుకుకి వారంటీ అంటే ఈ పరీక్షే.

పగిలిన వెంటనే చేయాల్సిందొకటుంది. తెర చిట్లి టచ్ పిచ్చిగా తిరుగుతుంటే ఫోను ఆఫ్ చేసేయండి. లేకపోతే అదే తప్పుడు పిన్‌లు కొట్టుకుని లాక్ సమయం పెంచుకుంటూ పోతుంది. బొమ్మ ఉండి టచ్ చచ్చిపోతే ఓటీజీ అడాప్టరు (ఫోను చార్జింగ్ పోర్టుకి యూఎస్‌బీ వస్తువు తగిలించేది) పెట్టి మామూలు మౌస్ తగిలించి అన్‌లాక్ చేసి, వాట్సాప్ బ్యాకప్ పూర్తిచేసుకోవచ్చు. బొమ్మే లేకపోతే షాపులో ఏదైనా కాంబోని అతికించకుండా స్ట్రిప్పుకి తగిలించి, ఫొటోలు తీసుకునేదాకా ఉంచమనండి, కాస్త డబ్బిస్తే ఒప్పుకుంటారు. మెమరీ చిప్పు ఊడదీసి డేటా తీస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. అందులో ఉన్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆ బోర్డూ మీ పిన్నూ లేకుండా అది తెరుచుకోదు.

ఒరిజినల్ డిస్‌ప్లే ఈ ఫోనుకి పెట్టడం దండగ. ఎం31 ఆండ్రాయిడ్ 12 దగ్గరే ఆగిపోయింది, బ్యాటరీ కూడా వయసు మీదపడింది. ఇంట్లో రెండో ఫోనుగానో, పిల్లల చదువుకో, ఫొటోలు బయటికి తీసుకునేదాకానో అయితే ఈ కాంబో చాలు. దుకాణంలో రోజంతా దీని మీదే పేమెంట్లు నడిచేవాళ్లు కొత్త ఫోనే చూసుకోవాలి.

కొత్తది కొంటే యూపీఐ దగ్గర ఒక చిక్కుంది. రిజిస్ట్రేషన్‌కి బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి, దాన్నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి. మన దగ్గర చాలామందికి బ్యాంకు ఖాతా పాత ఆంధ్రా సిమ్‌తో ఉంటుంది, ఆ సిమ్‌కి రీచార్జి ఉండదు. ఇన్‌కమింగ్ వస్తోంది కదా అని ధీమాగా ఉంటారు గానీ, ఎస్ఎంఎస్ బయటికి వెళ్లకపోతే రిజిస్ట్రేషన్ అక్కడే ఆగిపోతుంది. ముందు దానికి ఎస్ఎంఎస్ ఉన్న ప్యాకు వేయించి, అప్పుడు యాప్ తెరవండి. కొన్ని బ్యాంకులు కొత్త ఫోనులో మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపనివ్వవు, సంత రోజు ముందు ఫోను మార్చేవాళ్లు ఇది చూసుకోవాలి.