బాతూర్ కొండెక్కితే మంగళగిరి పానకం గుర్తొచ్చింది

మంగళగిరి కొండ అగ్నిపర్వతమనీ, పానకాలస్వామి నోట్లో రోజూ బెల్లం పానకం పోయబట్టే చల్లగా ఉందనీ మా అమ్మమ్మ చెప్పేది. అది తూర్పు కనుమల పాత రాయే గానీ లావా రాయి కాదని పెద్దయ్యాక తెలిసింది. అయినా అసలు అగ్నిపర్వతాన్ని ఒక్కసారి చూడాలన్న కోరిక మాత్రం ఆ మాటతోనే పట్టుకుంది. ఈ వేసవి సెలవుల్లో ఇండోనేషియాలోని బాలీ వెళ్లి బాతూర్ అగ్నిపర్వతం ఎక్కినప్పుడు తీరింది.

గన్నవరం నుంచి బెంగళూరు, అక్కడి నుంచి బాలీ విమానాశ్రయం ఉన్న డెన్‌పసార్. వీసాకి 5 లక్షల రుపయ్యాలు (మన రూపాయలు కావు, ఇండోనేషియా డబ్బు), పర్యాటక రుసుము మరో లక్షన్నర. రెండూ ముందే ఆన్‌లైన్‌లో కట్టేసుకుంటే దిగాక క్యూలో నిలబడే పని తగ్గుతుంది.

బాతూర్ చూసేవాళ్లలో చాలామంది ఉబుద్ అనే ఊళ్లో దిగి, రాత్రి రెండింటికి కారెక్కి వస్తారు. మేం ముందురోజే చెరువు ఒడ్డున ఉన్న తోయా బుంకా అనే ఊరికి చేరి అక్కడే పడుకున్నాం. నన్నడిగితే మీరూ అదే చెయ్యండి. గది మామూలుదే, వేడినీళ్లు సన్నగా వచ్చాయి, రాత్రి చలికి స్వెట్టర్ వేసుకునే పడుకున్నాం. కానీ మూడున్నరకి లేస్తే సరిపోయింది, ఒంట్లో ఓపిక మిగిలింది.

కొండ ఎత్తు 1717 మీటర్లు. చెరువే వెయ్యి మీటర్ల పైన ఉంటుంది కాబట్టి మనం ఎక్కేది ఆరేడు వందల మీటర్లే. రెండు గంటల నడక. చివరి అరగంట మాత్రం నల్ల కంకరలో అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది, మంచి బూట్లు లేకపోతే కష్టం. మాకు అద్దెకిచ్చిన టార్చి సగం దారిలోనే ఆరిపోయింది. మీ టార్చి మీరే పట్టుకెళ్లండి.

మా గైడు సొంగన్ అనే పక్కూరి అమ్మాయి. పగలు ఉల్లి చేలో పని, తెల్లవారుజామున కొండ. పైకి చేరగానే కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్లెంలో పూలు సర్ది, అగరొత్తి వెలిగించి, ఆవిరొచ్చే రాతి నెర్రె పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ నెర్రె మీద చెయ్యి పెట్టి చూశాను. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కొట్టే వేడి. ఆ ఆవిరిలోనే గుడ్లు, అరటిపళ్లు ఉడకబెట్టి ఇచ్చారు. నాకు అప్పుడే పానకాలస్వామి గుర్తొచ్చాడు. కొండని శాంతపరచాలన్న మనసు ఇక్కడా అదే.

వెలుగొచ్చాక ఎదురుగా అబాంగ్ కొండ, దాని వెనక ఆగుంగ్ అగ్నిపర్వతం. 2017లో పేలి విమానాలు ఆపేసింది ఆ ఆగుంగే. కింద వాలు మీద 1963లో పారిన లావా, గట్టిపడి నల్లటి బీడులా పరుచుకుని ఉంది. మేం నిలబడ్డ కొండ కూడా 13 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పున్న ఇంకా పెద్ద పాత గుంటలో మొలిచిందే. ఆ గుంటలోనే చెరువు, ఊళ్లు, ఉల్లి, టమాటా చేలు. బాతూర్ చివరిసారి పేలింది 2000లో.

దిగీ దిగగానే చెరువు ఒడ్డున వేడినీటి కొలనుల్లోకి వెళ్లిపోండి. పది దాటితే జనం. ఆ పాత గుంట అంచున ఉన్న కింతామణి గట్టు మీది బఫే హోటళ్లలో కిటికీ లోంచి కనిపించేదే బాగుంటుంది, తిండి అంతంతమాత్రం, శాకాహారులకి అన్నం, వేపుళ్లే దిక్కు. ఒడ్డున చిన్న హోటల్లో తిన్న తిలాపియా చేప మాత్రం పసుపు, అల్లం, మిరపకాయ నూరి దగ్గరగా ఉడికించింది. గుంటూరు నాలుకకి కూడా ఆనింది.

గట్టు మీది ఉలున్ దాను బాతూర్ గుడిని వదలొద్దు, అది చెరువు దేవత దేవీ దాను గుడి. బాతూర్ ఊరు, గుడి ఒకప్పుడు కొండ కిందే ఉండేవి. 1917లో భూకంపం వచ్చి, కొండ పేలి, వేలాది ఇళ్లు కూలి వెయ్యిమందికి పైగా పోయినా లావా గుడి వాకిట్లోనే ఆగిందట. అమ్మ కాపాడిందని జనం అక్కడే ఉండిపోయారు. 1926లో కొండ మళ్లీ పేలినప్పుడు మాత్రం ఊరూ గుడీ లావా కిందికి పోయాయి. మిగిలింది ఎత్తుమీదున్న ఒక్క గద్దె, దేవీ దానుది. ఊరివాళ్లు గట్టెక్కి, అమ్మకి మళ్లీ గుడి కట్టుకున్నారు. మేం వెళ్లినప్పుడు ఆడవాళ్లు తలల మీద పళ్ల బుట్టలతో వరసగా లోపలికి నడుస్తున్నారు. నడుముకి కట్టే వస్త్రం గుమ్మం దగ్గరే ఇస్తారు.